ఆడియో చిప్‌లో రిఫరెన్స్ పిన్నుకు ఏ కెపాసిటర్ పెట్టాలి?

గేట్ ఈసీ సిలబస్‌లో డిజిటల్ సర్క్యూట్స్ కింద శాంపుల్ అండ్ హోల్డ్, ఏడీసీ, డీఏసీ అంశాలున్నాయి. ఈ భాగం చదివేవారు రిజల్యూషన్, క్వాంటైజేషన్ ఎర్రర్, ఆర్-2ఆర్ ల్యాడర్ లెక్కల్ని చకచకా చేసేస్తారు. వాటన్నిటిలోనూ రిఫరెన్స్ వోల్టేజీ 5 వోల్టులని ప్రశ్నలోనే ఇచ్చేసి ఉంటుంది. బోర్డు తయారుచేసే ఇంజినీరుకు ఆ 5 వోల్టులు అలా చేతికి రావు. చిప్ పక్కన ఒకటో రెండో కెపాసిటర్లు పెట్టి ఆ వోల్టేజీని కదలకుండా నిలబెట్టుకోవాలి. అవి ఏ రకానివి, ఎంత విలువవి, ఎక్కడ పెట్టాలి అన్నదే ఈ పాఠం.

ఎన్ని మైక్రోఫారడ్లు కావాలని అడిగితే జవాబు డేటాషీట్‌లో దొరికిపోతుంది, కారణం మాత్రం అర్థం కాదు. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని ఓముల లోపు ఇంపిడెన్స్ కావాలి అని అడగడం అలవాటు చేసుకోండి. కింద వచ్చే ప్రతి లెక్కా ఆ ఒక్క ప్రశ్న నుంచే పుడుతుంది.

రిఫరెన్స్ గుణించే వోల్టేజీ

డీఏసీ అవుట్‌పుట్ సూత్రం అందరికీ తెలిసిందే. రిఫరెన్స్ వోల్టేజీని డిజిటల్ కోడ్‌తో గుణించి, 2 పవర్ ఎన్‌తో భాగిస్తే అవుట్‌పుట్ వస్తుంది. ఏడీసీలో ఇదే తిరగబడుతుంది: ఇన్‌పుట్‌ను రిఫరెన్స్‌తో భాగించగా వచ్చిన నిష్పత్తే కోడ్. తూకపు రాయి అరిగిపోతే త్రాసు ఎంత మంచిదైనా తూకం తప్పుతుంది. కన్వర్టర్‌లో రిఫరెన్స్‌ది ఆ రాయి స్థానం.

ఈ గుణకారం వల్ల వచ్చే పర్యవసానం పరీక్షలో తరచు తప్పుగా రాసేది. మామూలు యాంప్లిఫయర్‌లో సప్లయ్ హమ్ సిగ్నల్‌కు కలుస్తుంది, అంటే కూడిక. రిఫరెన్స్ మీద హమ్ ఉంటే అది సిగ్నల్‌ను మాడ్యులేట్ చేస్తుంది. మన దేశంలో మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత మిగిలే రిపుల్ 100 హెర్ట్జ్. అది రిఫరెన్స్‌లోకి చొరబడి, చిప్ 1 కిలోహెర్ట్జ్ టోన్ వినిపిస్తుంటే, అవుట్‌పుట్‌లో 900 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 1,100 హెర్ట్జ్ దగ్గర ఒకటి సైడ్‌బ్యాండ్లు మొలుస్తాయి. టోన్ ఆపేస్తే అవీ పోతాయి. ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి నాయిస్ కొలిచి అంతా బాగుందని సంతకం పెట్టేస్తే రిఫరెన్స్ లోపం కంటికి కనపడకుండా తప్పించుకుంటుంది. దాన్ని పట్టాలంటే ఫుల్‌స్కేల్‌కు దగ్గరగా సిగ్నల్ ఇచ్చి కొలవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డేటాషీట్లలో వీరెఫ్, వీకామ్, వీక్యూ, ఫిల్ట్ ప్లస్ అని రకరకాల పేర్లు కనిపిస్తాయి. కొన్ని కొలతకు గుణకంగా పనిచేసే పిన్నులు, కొన్ని సిగ్నల్‌ను సగం సప్లయ్ దగ్గర కూర్చోబెట్టే మధ్యబిందువులు. మధ్యబిందువు మీది నాయిస్ డిఫరెన్షియల్ అవుట్‌పుట్‌లో రెండు వైపులా ఒకేలా ఉండి రద్దవుతుంది. సింగిల్ ఎండెడ్ దశలో నేరుగా సిగ్నల్‌కు కలుస్తుంది. పేరు చూసి కాకుండా పిన్ వివరణ చదివి ఏ రకమో తేల్చుకోవాలి.

లోపల ఛార్జీ లాగేది ఎవరు?

నేటి ఆడియో ఏడీసీల్లో ఎక్కువ భాగం డెల్టా సిగ్మా రకం. లోపల చిన్న కెపాసిటర్లు స్విచ్‌ల సాయంతో క్షణక్షణం రిఫరెన్స్‌కు అంటుకుని ఛార్జీ తీసుకుంటాయి. ఒక నమూనా తీసుకుందాం. లోపలి కెపాసిటర్ 5 పికోఫారడ్లు, రిఫరెన్స్ 2.5 వోల్టులు, క్లాక్ 48 కిలోహెర్ట్జ్‌కు 128 రెట్లు, అంటే 6.144 మెగాహెర్ట్జ్ అనుకోండి.

ఒక్కో లాగుడుకు పోయే ఛార్జీ 5 × 2.5 = 12.5 పికోకూలుంబులు. బయట 0.1 మైక్రోఫారడ్ మాత్రమే ఉంటే ఒక్క లాగుడుకు వోల్టేజీ 125 మైక్రోవోల్టులు పడుతుంది. 10 మైక్రోఫారడ్లు ఉంటే 1.25 మైక్రోవోల్టులే. పోల్చుకోవడానికి, 5 వోల్టుల స్కేల్ మీద 16 బిట్ల ఎల్‌ఎస్‌బీ 76.3 మైక్రోవోల్టులు, 24 బిట్లది 0.298 మైక్రోవోల్టు.

స్విచ్డ్ కెపాసిటర్ సగటున ఒక రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది. దాని విలువ 1 ÷ (క్లాక్ × కెపాసిటెన్స్). ఈ నమూనాలో అది దాదాపు 32.6 కిలోఓములు. ఈ సూత్రం న్యూమరికల్ ప్రశ్నలకు బాగా అనువైనది, గుర్తుంచుకోండి.

లాగుడు ప్రతిసారీ ఒకేలా ఉంటే పెద్ద ప్రమాదం లేదు. రిఫరెన్స్ కొంచెం తగ్గిన చోట స్థిరపడుతుంది, గెయిన్ కాస్త మారుతుంది, చెవికి తెలియదు. లాగే ఛార్జీ సిగ్నల్‌ను బట్టి మారినప్పుడే చిక్కు. అప్పుడు సిగ్నలే రిఫరెన్స్‌ను కదిలిస్తుంది, కదిలిన రిఫరెన్స్ మళ్లీ ఆ సిగ్నల్‌నే గుణిస్తుంది.

పెద్ద కెపాసిటర్ పని: 20 హెర్ట్జ్ దగ్గర చూడండి

ఈ పాఠంలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సిన భాగం ఇది. పెద్ద కెపాసిటర్ హమ్‌ను వడకట్టడానికేనని చాలామంది రాసేస్తారు. అది సగం జవాబే.

డిఫరెన్షియల్ నిర్మాణంలో రిఫరెన్స్ కరెంటు సాధారణంగా సిగ్నల్ ప్లస్‌లో ఉందా మైనస్‌లో ఉందా అని చూడదు, పరిమాణాన్నే చూస్తుంది. కాబట్టి 20 హెర్ట్జ్ సైన్ వేవ్ వస్తే రిఫరెన్స్ కరెంటు 40 హెర్ట్జ్‌తో ఊగుతుంది. ఆ కరెంటు కెపాసిటర్ ఇంపిడెన్స్ మీదుగా పోయి రిఫరెన్స్ మీద 40 హెర్ట్జ్ రిపుల్ సృష్టిస్తుంది. 20 హెర్ట్జ్ సిగ్నల్‌ను 40 హెర్ట్జ్ రిపుల్ గుణిస్తే మొత్తం, తేడా రెండూ వస్తాయి: 60, 20. 20 హెర్ట్జ్ అసలు టోన్‌లో కలిసిపోతుంది. 60 హెర్ట్జ్ మూడో హార్మోనిక్‌గా బయటపడుతుంది.

త్రికోణమితి గుర్తున్నవారు రెండు సైన్ల లబ్ధాన్ని విడదీసి చూడండి. రిపుల్ పీక్‌ను రిఫరెన్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తిలో సరిగ్గా సగం మూడో హార్మోనిక్ నిష్పత్తి అవుతుంది.

ఇప్పుడు లెక్క. రిఫరెన్స్ 2.5 వోల్టులు. 20 హెర్ట్జ్ ఫుల్‌స్కేల్ టోన్‌కు రిఫరెన్స్ కరెంటులో 40 హెర్ట్జ్ భాగం పీక్ 0.5 మైక్రోఆంపియర్. ఈ కారణంగా వచ్చే మూడో హార్మోనిక్ మైనస్ 110 డెసిబెల్ దాటకూడదు. కెపాసిటర్ ఎంత ఉండాలి?

మైనస్ 110 డెసిబెల్ అంటే నిష్పత్తి 3.16 × 10 పవర్ మైనస్ 6. రిపుల్ నిష్పత్తి దానికి రెట్టింపు, 6.32 × 10 పవర్ మైనస్ 6. దాన్ని 2.5 వోల్టులతో గుణిస్తే అనుమతించగల రిపుల్ 15.8 మైక్రోవోల్టులు. 0.5 మైక్రోఆంపియర్‌తో భాగిస్తే 40 హెర్ట్జ్ దగ్గర ఇంపిడెన్స్ 31.6 ఓములు మించరాదు. 1 ÷ (2 × 3.1416 × 40 × 31.6) చేస్తే 126 మైక్రోఫారడ్లు.

ఇక్కడే ఆగితే మార్కులు పోతాయి. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ టాలరెన్స్ సాధారణంగా ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం. 126ను 0.8తో భాగించాలి: 157. ప్రామాణిక విలువల్లో 150 చాలదు, తర్వాతిది 220. జవాబు 220 మైక్రోఫారడ్లు.

అదే చోట 10 మైక్రోఫారడ్లు పెడితే ఏమవుతుందో కూడా చూడండి. 40 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపిడెన్స్ 398 ఓములు, రిపుల్ 199 మైక్రోవోల్టులు, మూడో హార్మోనిక్ దాదాపు మైనస్ 88 డెసిబెల్. కెపాసిటెన్స్ రెట్టింపైతే 6 డెసిబెల్ మెరుగు. సిగ్నల్ ఫ్రీక్వెన్సీ రెట్టింపైనా 6 డెసిబెల్ మెరుగు. అంటే ఈ లోపం బేస్ స్వరాల దగ్గరే కనిపించి, పైకి పోయేకొద్దీ మాయమవుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇదే లోపం 34 డెసిబెల్ తక్కువగా ఉంటుంది. డిస్టార్షన్ సంఖ్యను ఎక్కువగా 1 కిలోహెర్ట్జ్ టోన్‌తోనే కొలుస్తారు గనుక డేటాషీట్ మొదటి పేజీ మాత్రమే చూసి చిప్‌ను, కెపాసిటర్‌ను ఎంచుకునేవారికి ఈ సంగతి తెలిసే దారి లేదు. మృదంగం ఎడమ వైపు మోత, తంబురా మంద్ర స్వరం రికార్డు చేసే యంత్రానికి ఇది పట్టించుకోవలసిన విషయమే.

సిరస్ లాజిక్ సంస్థ సీఎస్5361, సీఎస్5381 ఏడీసీల డేటాషీట్లు ఈ సంగతిని దాచకుండా చెబుతాయి: ఫిల్ట్ ప్లస్ పిన్ను దగ్గరి కెపాసిటర్ పరిమాణం తక్కువ ఫ్రీక్వెన్సీల డిస్టార్షన్‌ను ప్రభావితం చేస్తుందని, పెద్ద విలువతో అది మెరుగుపడుతుందని గ్రాఫుతో సహా చూపిస్తాయి. పాఠ్యపుస్తకంలో కనపడని విషయం ఇలా డేటాషీట్ చివరి పేజీల్లో దొరుకుతుంది. విద్యార్థులు కనీసం ఒక ఆడియో ఏడీసీ డేటాషీట్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవాలని నా గట్టి అభిప్రాయం.

చిన్న కెపాసిటర్ పని, రెండిటి మధ్య గొడవ

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పీసీఎం1808ను చూద్దాం. 14 కాళ్ల చిన్న చిప్, 24 బిట్ల స్టీరియో ఏడీసీ. ఒకటో కాలు వీరెఫ్, రెండోది అనలాగ్ గ్రౌండ్. పక్కపక్కనే ఉన్న ఆ రెండు కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్, దానికి సమాంతరంగా 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ పెట్టమని, రెండూ పిన్నుకు వీలైనంత దగ్గరగా ఉండాలని డేటాషీట్ చెబుతుంది. ఆ పిన్ను దగ్గరి వోల్టేజీ సప్లయ్‌లో సగం.

10 ఉండగా మళ్లీ 0.1 ఎందుకు? మొత్తం 10.1 కావడానికైతే కాదు. ప్రతి కెపాసిటర్‌కూ ఈఎస్‌ఆర్ అనే రెసిస్టెన్స్, ఈఎస్‌ఎల్ అనే ఇండక్టెన్స్ వెంటే ఉంటాయి. కాళ్లున్న ఎలక్ట్రోలిటిక్‌లో ఇండక్టెన్స్ 10 నానోహెన్రీల దాకా ఉండవచ్చు. చిన్న సర్ఫేస్ మౌంట్ సెరామిక్‌లో 1 నానోహెన్రీ అటూ ఇటూ. సెల్ఫ్ రెజొనెన్స్ దాటాక కెపాసిటర్ ఇండక్టర్‌లా మారుతుంది. 0.1 మైక్రోఫారడ్, 1 నానోహెన్రీ జంటకు ఆ ఫ్రీక్వెన్సీ 15.9 మెగాహెర్ట్జ్. 6.144 మెగాహెర్ట్జ్ లాగుళ్లకు అది 0.26 ఓమ్ దగ్గర బుద్ధిగా నిలబడుతుంది. అదే సెరామిక్ 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 40 కిలోఓములు, అక్కడ ఉన్నా లేనట్టే.

అంటే ఇద్దరూ పని పంచుకున్నారు. కానీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పని మారే చోట తగాదా రావచ్చు. ఎలక్ట్రోలిటిక్ ఇండక్టెన్స్ 10 నానోహెన్రీలు, సెరామిక్ 0.1 మైక్రోఫారడ్ కలిసి పారలల్ రెజొనెన్స్ ఏర్పరుస్తాయి. ఫ్రీక్వెన్సీ 5.03 మెగాహెర్ట్జ్, మన క్లాక్‌కు మరీ దగ్గర. లక్షణ ఇంపిడెన్స్ 10 నానోహెన్రీలను 0.1 మైక్రోఫారడ్‌తో భాగించి వర్గమూలం తీస్తే 0.316 ఓమ్. ఎలక్ట్రోలిటిక్ ఈఎస్‌ఆర్ అర ఓమ్ ఉంటే అదే డ్యాంపింగ్ ఇచ్చి శిఖరాన్ని లేవనివ్వదు. ఖరీదైన లో ఈఎస్‌ఆర్ రకం పెట్టి, రెండిటి నష్టం కలిపి 0.03 ఓమ్‌కు తెస్తే, శిఖరం దగ్గర ఇంపిడెన్స్ 0.1 ÷ 0.03, అంటే 3.3 ఓములకు ఎగబాకుతుంది. పది రెట్లు చెడిపోయింది.

ఈఎస్‌ఆర్ ఎంత తక్కువైతే అంత మంచిదన్న వాక్యాన్ని ఎంఎస్‌క్యూలో చూడగానే టిక్ పెట్టేయకండి.

సెరామిక్ మీద రాసిన విలువను నమ్మవచ్చా?

ఎక్స్7ఆర్, ఎక్స్5ఆర్, వై5వీ కోడ్‌లు పరీక్షల్లో నేరుగా అడగదగ్గవి. మొదటి అక్షరం కనిష్ఠ ఉష్ణోగ్రత: ఎక్స్ అంటే మైనస్ 55 డిగ్రీల సెల్సియస్, వై మైనస్ 30, జెడ్ ప్లస్ 10. మధ్య అంకె గరిష్ఠం: 5 అంటే 85 డిగ్రీలు, 7 అంటే 125. చివరి అక్షరం ఆ మధ్యలో విలువ ఎంత మారవచ్చో చెబుతుంది: ఆర్ అంటే ప్లస్ ఆర్ మైనస్ 15 శాతం, వీ అంటే ప్లస్ 22 నుంచి మైనస్ 82 శాతం. వై5వీ మీద 10 మైక్రోఫారడ్లని రాసి ఉన్నా, ఆ హద్దుల్లో అది 1.8కి పడిపోయినా తయారీదారు మాట తప్పినట్టు కాదు. రిఫరెన్స్ దగ్గర దానికి చోటు లేదు.

ఈ కోడ్ ఉష్ణోగ్రత గురించే మాట్లాడుతుంది, వోల్టేజీ గురించి ఒక్క ముక్క చెప్పదు. ఇది చాలామందికి తెలియని మెలిక. ఈ సెరామిక్‌లలో డైఎలక్ట్రిక్ బేరియం టైటనేట్. డీసీ వోల్టేజీ పెట్టేకొద్దీ దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం తగ్గుతుంది. చిన్న ప్యాకేజీలో 6.3 వోల్టుల రేటింగుతో వచ్చే 10 మైక్రోఫారడ్ల ఎక్స్5ఆర్‌కు 5 వోల్టులు ఇస్తే సగానికి పైగా పోవడం మామూలే. పెద్ద ప్యాకేజీ, ఎక్కువ వోల్టేజీ రేటింగ్ తీసుకుంటే ఈ నష్టం తగ్గుతుంది. పేరున్న తయారీదారులు డీసీ బయాస్ గ్రాఫు ఇస్తారు. ఆ గ్రాఫు చూసిన తర్వాతే విలువ ఖాయం చేయాలి.

ఇంకో లక్షణం పీజోఎలక్ట్రిక్. బేరియం టైటనేట్ నొక్కితే వోల్టేజీ ఇస్తుంది, వోల్టేజీ మారితే ఒళ్లు కదిలిస్తుంది. స్పీకరు పెట్టెలోనో, ఫ్యాన్ పక్కనో ఉన్న బోర్డు మీద ఎక్స్7ఆర్ మైక్రోఫోన్‌లా తయారవుతుంది. ప్రయోగశాలలో చూడాలంటే చిప్ ద్వారా ఒక స్థిరమైన టోన్ పంపండి, స్పెక్ట్రమ్ తెర మీద ఆ గీతను గమనిస్తూ, పెన్సిల్ వెనక వైపుతో రిఫరెన్స్ కెపాసిటర్ పక్కన బోర్డు మీద మెల్లగా తట్టండి. తట్టినప్పుడల్లా టోన్ గీతకు రెండు పక్కలా పాదం వెడల్పవుతుంది. టోన్ లేకుండా తడితే, గుణించే రకం పిన్ను అయితే, ఏమీ కనపడదు. రిఫరెన్స్ గుణకమని మొదట్లో చెప్పుకున్న దానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు లేదు.

సీ0జీ అనే మరో సెరామిక్ రకానికి ఈ జబ్బులు లేవు. దానికి బేరియం టైటనేట్ తరహా గుణం ఉండదు, వోల్టేజీకి గానీ వయసుకు గానీ విలువ దాదాపు మారదు. కానీ చిన్న విలువల్లోనే చవగ్గా దొరుకుతుంది. 0.01 మైక్రోఫారడ్‌కు సులువు, 0.1కు కాస్త ఖర్చు, 10కి కుదరదు. మా సూచన: చిన్నది సీ0జీ దొరికితే సీ0జీ, లేకుంటే ఎక్స్7ఆర్, పెద్దది ఎలక్ట్రోలిటిక్.

ఎలక్ట్రోలిటిక్, టాంటలం, ఫిల్మ్

అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్‌కు పీజో గుణం లేదు, పెద్ద విలువ చవగ్గా వస్తుంది, ఈఎస్‌ఆర్ డ్యాంపింగ్‌కు పనికొస్తుంది. లోపం ఆయుష్షు. 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అన్న నియమం పరీక్షకు ముఖ్యం. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసిన కెపాసిటర్ 55 డిగ్రీల దగ్గర 32 రెట్లు, అంటే 64,000 గంటలు పనిచేస్తుంది. ఆపకుండా నడిపితే ఏడేళ్ల పైచిలుకు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో బయటి గాలే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మూసిన డబ్బా లోపల ఇంకా ఎక్కువ. అలాంటి చోట నడిచే పరికరానికి 85 డిగ్రీల రకం కొనడం చిన్న పొదుపుకు పెద్ద నష్టం.

టాంటలం చిన్నది, విలువ స్థిరం, లీకేజ్ తక్కువ. చెడిపోతే షార్ట్ అవుతుందనే భయం వల్ల రేటింగులో సగం వోల్టేజీకే వాడటం ఆనవాయితీ. రిఫరెన్స్ వెనక రెసిస్టెన్స్ ఉండి కరెంటు పరిమితంగా ఉంటుంది కాబట్టి సప్లయ్ లైన్ మీద ఉన్నంత ప్రమాదం ఇక్కడ లేదు. ఫిల్మ్ కెపాసిటర్ 1 మైక్రోఫారడ్ దాకా చక్కటిది, ఆపైన బోర్డు మీద చోటు చాలదు.

లీకేజ్, స్టార్టప్: పెద్దదానికి కట్టే పన్ను

విలువ పెంచితే డిస్టార్షన్ తగ్గుతుందని లెక్క చెప్పింది కదా, మరి 1,000 మైక్రోఫారడ్లు ఎందుకు పెట్టరు? రెండు కారణాలు.

చాలా చిప్‌లలో రిఫరెన్స్ లోపలి రెసిస్టెన్స్ గుండా వస్తుంది. అది 10 కిలోఓములనుకోండి. ఎలక్ట్రోలిటిక్ లీకేజ్ పరిమితిని సాధారణంగా 0.01 × కెపాసిటెన్స్ × రేటెడ్ వోల్టేజీ అని ఇస్తారు, మైక్రోఫారడ్లలో తీసుకుంటే జవాబు మైక్రోఆంపియర్లలో వస్తుంది. 100 మైక్రోఫారడ్లు, 10 వోల్టుల రకానికి 10 మైక్రోఆంపియర్లు. 10 కిలోఓముల మీద అది 0.1 వోల్టు. 2.5లో 4 శాతం, గెయిన్‌లో 0.35 డెసిబెల్. తక్కువ వోల్టేజీ దగ్గర అసలు లీకేజ్ ఈ పరిమితికి చాలా లోపే ఉంటుంది, అయినా డిజైన్ చేసేటప్పుడు పరిమితినే లెక్కలోకి తీసుకోవాలి. పాలిమర్ రకాల్లో చాలావాటికి అనుమతించే లీకేజ్ ఇంకా ఎక్కువ. పైగా లీకేజ్ స్థిరంగా ఉండక కదులుతుంటుంది, అది నేరుగా తక్కువ ఫ్రీక్వెన్సీ నాయిస్ అవుతుంది. తక్కువ ఈఎస్‌ఆర్ చూసి పాలిమర్‌ను ఇక్కడికి తేవడం నాకు సమ్మతం కాదు.

రెండోది సమయం. 10 కిలోఓములు, 10 మైక్రోఫారడ్లకు టైమ్ కాన్‌స్టంట్ 0.1 సెకను. తుది విలువకు 0.1 శాతం దగ్గరకు చేరడానికి 6.9 టైమ్ కాన్‌స్టంట్లు, అంటే 0.69 సెకను. 220 పెడితే 15 సెకన్లకు పైనే. అంతసేపూ గెయిన్ పాకుతూనే ఉంటుంది. స్టూడియో యంత్రానికి సమస్య లేదు. బటన్ నొక్కగానే మాట రికార్డు చేయాల్సిన పరికరానికి అది పనికిరాదు. తక్కువ డిస్టార్షన్ కోరే ఏడీసీల్లో రిఫరెన్స్‌కు బలమైన బఫర్ పెట్టేది, లేదా ఆరంభంలో త్వరగా ఛార్జ్ చేసే ఏర్పాటు ఉంచేది ఇందుకే.

గ్రౌండ్ వైపు కాలు

కెపాసిటర్‌కు రెండు కాళ్లు. పిన్ను వైపు కాలి మీద అందరూ శ్రద్ధ పెడతారు, గ్రౌండ్ వైపు కాలిని దగ్గర్లో కనపడ్డ రాగి మీద అతికిస్తారు. ఆ రాగిలో డిజిటల్ సర్క్యూట్ కరెంటు 10 మిల్లీఆంపియర్లు పోతుంటే, 10 మిల్లీఓముల దారి మీద 100 మైక్రోవోల్టులు పుడతాయి. పైన 15.8 మైక్రోవోల్టుల కోసం ఎంత లెక్క చేశామో గుర్తుచేసుకోండి. రిఫరెన్స్ కెపాసిటర్ గ్రౌండ్ కాలు చిప్ అనలాగ్ గ్రౌండ్ పిన్నుకే చేరాలి, మధ్యలో మరొకరి కరెంటు పంచుకోకూడదు.

బోర్డు మీద సన్నటి గీత మిల్లీమీటరుకు ఇంచుమించు 1 నానోహెన్రీ. 20 మిల్లీమీటర్ల దూరంలో పెట్టిన 0.1 సెరామిక్‌కు 20 నానోహెన్రీలు చేరి, 6.144 మెగాహెర్ట్జ్ దగ్గర 0.77 ఓమ్ అదనమవుతుంది. అది సెరామిక్ సొంత ఇంపిడెన్స్‌కు మూడు రెట్లు. అందుకే చిన్నది పిన్నును ఆనుకుని ఉండాలి; పెద్దది దాని వెనక కాస్త దూరంగా ఉన్నా 40 హెర్ట్జ్‌కు తేడా తెలియదు.

ఇంకొకటి. వీరెఫ్ పిన్ను ఉంది కదా అని దాని నుంచి బయటి ఆప్ యాంప్‌కు బయాస్ తీయకండి. డేటాషీట్ అనుమతిస్తే తప్ప ఆ పిన్ను కెపాసిటర్ కోసమే. బయాస్ తప్పనిసరైతే మధ్యలో బఫర్ ఉండాలి.

సాధన ప్రశ్నలు

1. 5 వోల్టుల సప్లయ్‌ను 20 కిలోఓముల రెసిస్టర్లు రెండిటితో సగం చేసి రిఫరెన్స్ తీశారు. సప్లయ్ మీది 100 హెర్ట్జ్ రిపుల్, కెపాసిటర్ లేనప్పటితో పోలిస్తే 10 మైక్రోఫారడ్లతో ఎన్ని డెసిబెల్ తగ్గుతుంది?
థెవెనిన్ రెసిస్టెన్స్ 10 కిలోఓములు. కటాఫ్ 1.59 హెర్ట్జ్. 100ను 1.59తో భాగిస్తే 62.8, అంటే 36 డెసిబెల్. డివైడర్ వల్ల తగ్గే 6 డెసిబెల్ ఇందులో చేర్చలేదు; ప్రశ్న 'సప్లయ్‌తో పోలిస్తే' అని అడిగితే జవాబు 42 అవుతుంది. పదాలను జాగ్రత్తగా చదవాల్సింది ఇలాంటి చోటే.

2. అదే డివైడర్‌లో రెసిస్టర్ల థర్మల్ నాయిస్ కోసం పెద్ద కెపాసిటర్ అవసరమా?
10 కిలోఓముల నాయిస్ 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో దాదాపు 1.8 మైక్రోవోల్టులు. 10 మైక్రోఫారడ్లు పెడితే మొత్తం నాయిస్ కేటీ బై సీ వర్గమూలం, అంటే 0.02 మైక్రోవోల్టు. 0.1 మైక్రోఫారడ్‌తోనే 0.2కు దిగుతుంది. కాబట్టి థర్మల్ నాయిస్ పెద్ద విలువకు కారణం కాదు.

3. పీసీఎం1808 సిగ్నల్ టు నాయిస్ నిష్పత్తి సాధారణంగా 99 డెసిబెల్. ఆ సంఖ్య ఒక్కటే తీసుకుంటే ఎన్ని బిట్లకు సమానం?
99 నుంచి 1.76 తీసి 6.02తో భాగిస్తే 16.15. పేరుకు 24 బిట్ల చిప్ కదా అని కెపాసిటర్‌ను 0.298 మైక్రోవోల్టు లక్ష్యంతో లెక్కించడం వృథా. చిప్ నాయిస్ దాన్ని ఎప్పుడో ముంచేసింది.

4. సరైనవి గుర్తించండి. అ) ఎక్స్7ఆర్ కోడ్ డీసీ బయాస్ నష్టాన్ని తెలుపుతుంది. ఆ) రిఫరెన్స్ మీది 40 హెర్ట్జ్ రిపుల్ 20 హెర్ట్జ్ టోన్‌కు మూడో హార్మోనిక్ ఇస్తుంది. ఇ) ఇన్‌పుట్ షార్ట్ చేసి చేసే నాయిస్ పరీక్ష రిఫరెన్స్ రిపుల్‌ను బయటపెడుతుంది. ఈ) ఎలక్ట్రోలిటిక్ ఈఎస్‌ఆర్ పారలల్ రెజొనెన్స్‌ను అణచగలదు.
ఆ, ఈ సరైనవి. ఇ దగ్గర తడబడేవారు ఎక్కువ. గుణించే రకం పిన్నులో సిగ్నల్ సున్నా అయితే రిపుల్ ఎంత ఉన్నా లబ్ధం సున్నాయే.

5. 2.5 వోల్టుల రిఫరెన్స్, 30 హెర్ట్జ్ టోన్, 60 హెర్ట్జ్ రిఫరెన్స్ కరెంటు పీక్ 0.5 మైక్రోఆంపియర్, 100 మైక్రోఫారడ్లు. మూడో హార్మోనిక్ ఎంత?
60 హెర్ట్జ్ దగ్గర ఇంపిడెన్స్ 26.5 ఓములు, రిపుల్ 13.3 మైక్రోవోల్టులు, నిష్పత్తి 5.3 × 10 పవర్ మైనస్ 6, అందులో సగం 2.65 × 10 పవర్ మైనస్ 6. డెసిబెల్‌లో మైనస్ 111.5. టాలరెన్స్ వల్ల కెపాసిటర్ 80కి పడిపోతే మైనస్ 109.6.